పెరట్లో నిలిచిపోయిన కారు

మన ఊళ్లలో పాత ఇళ్ల ప్రహరీ లోపలికి ఒకసారి తొంగిచూడండి. వేపచెట్టు కిందో, రేకుల పంచలోనో ఒక అంబాసిడరో, ఫియట్టో, చేతక్ స్కూటరో కదలకుండా నిలబడి ఉంటుంది. టైర్లు గాలి పోయి నేలకు అతుక్కుపోయి ఉంటాయి. బానెట్ మీద రాలిన ఆకులు మట్టిగా మారి ఉంటాయి. వెనుక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతుంటాయి. ఎందుకు ఉంచారని అడిగితే, "అబ్బా బండి, అమ్మబుద్ధి కాలేదు" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనలేం. ఆ ప్రేమ చాటున కొన్ని బాధ్యతలు కూడా అలాగే తుప్పుపట్టిపోతుంటాయి. ఈ నెల వాటి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

2022లో ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఇద్దరు అన్నదమ్ములు మా దగ్గరకు వచ్చారు. కృష్ణా తీరాన ఒక చిన్న పట్టణం వారిది. వారి తండ్రి 1986లో కొన్న అంబాసిడర్ కారు పెరట్లో ఉంది. ఆయన 2010లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆ రోజు నుంచి ఆ కారును ఎవరూ నడపలేదు. ఇల్లు బాగుచేయించుకోవాలి, స్థలం కావాలి. "కారును బాగుచేయించి అమ్మితే మంచిదా, ఉన్నదున్నట్టు అమ్మితే మంచిదా, మీరేమంటారు?" అని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. "ఆ కారు ఎవరిది?" అని అడిగాము.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాదే కదండీ, అబ్బాది" అన్నాడు పెద్దవాడు. "మీ అమ్మీ ఉన్నారా?" ఉన్నారు. "అక్కచెల్లెళ్లు ఎంతమంది?" ముగ్గురు. ఒకామె కువైట్‌లో, ఇద్దరు ఇక్కడే, అత్తవారిళ్లలో. "వారికి చెప్పారా?" చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. వారిలో దురుద్దేశం ఏమీ లేదని మాకు తెలుసు. ఇల్లు, పొలం అంటే ఆడపిల్లల వాటా గుర్తొస్తుంది, అదీ కొందరికే. కారు, గేదె, కుట్టుమిషను, మంచం, గడియారం - ఇవి వారసత్వ ఆస్తి అని మనలో చాలామందికి తోచదు. ఎవరి చేతికి అందినది వారిదైపోతుంది.

అల్లాహ్ అన్‌నిసా సూరాలో, తల్లిదండ్రులు వదిలివెళ్లిన దానిలో మగవారికీ వాటా ఉంది, ఆడవారికీ వాటా ఉంది, అది కొంచెమైనా ఎక్కువైనా సరే అని స్పష్టపరిచాడు. కొంచెమైనా అన్న ఆ మాటను మనం దాటవేస్తున్నాము. తుప్పుపట్టిన కారు కూడా ఆ కొంచెంలో ఉంది. పైగా ఇది మనిషి చనిపోయిన క్షణాన్నే అందరి ఉమ్మడి సొత్తు అయిపోయింది. మృతుని అప్పులు, వసీయతు తీరాక మిగిలినది వారసులందరిదీ. పెరడు ఎవరి వైపు వచ్చిందన్నదానితో దీనికి సంబంధం లేదు.

చిన్నవాడు మెల్లగా, "ఆపాల పెళ్లిళ్లకు అబ్బా బాగానే పెట్టారు కదండీ" అన్నాడు. ఈ మాట వినని ఊరు లేదు. తండ్రి తన జీవితకాలంలో కూతురికి పెళ్లిలో ఇచ్చినది కానుక. ఆయన మరణం తర్వాత ఆమెకు వచ్చేది అల్లాహ్ నిర్ణయించిన వాటా. మొదటిది చూపించి రెండవది చెల్లిపోయిందనడానికి ఏ ఆధారమూ లేదు. అక్కచెల్లెళ్లు తమ వాటా గురించి తెలుసుకుని, తమ ఇష్టంతో వదులుకుంటే అది వేరు. తెలియకుండానే వదులుకున్నట్టు మనం అనుకోవడం వేరు.

లెక్క అక్కడే కాగితం మీద వేసి చూపించాము. మృతుని తల్లిదండ్రులు ముందే కాలం చేశారు. భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినది పిల్లల మధ్య, కొడుకుకు ఇద్దరు కూతుళ్ల వాటా చొప్పున. ఇద్దరు కొడుకులకు నాలుగు భాగాలు, ముగ్గురు కూతుళ్లకు మూడు, మొత్తం ఏడు భాగాలు. ఇంత సులువైన లెక్క పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వేయలేదు.

సరే, మరి బాగుచేయించాలా వద్దా? మర్నాడు తెలిసిన మెకానిక్ ఒకాయనను వెంటబెట్టుకుని వెళ్లి కారును చూశాము. అంబాసిడర్ అంటే మన పెద్దల కాలపు బండి. 1950ల చివర నుంచి 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు తయారుచేశారు. వీరి కారుది 1489 సీసీ పెట్రోల్ ఇంజను, మన ఊరి షెడ్లలో కళ్లుమూసుకుని విప్పగలిగేది. "ఎప్పుడూ ఆగని ఇంజనండీ, ఒక్కసారి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది" అని చిన్నవాడి ఉత్సాహం. మెకానిక్ చేయి అడ్డం పెట్టాడు.

ఆయన చెప్పింది పాఠకులకు కూడా పనికొస్తుంది గనుక రాస్తున్నాము. ఏళ్ల తరబడి ఆగిన బండికి నేరుగా సెల్ఫ్ కొట్టకూడదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురులా మారి ఉంటుంది, అది కార్బురేటర్‌లోకి వెళితే దారులన్నీ మూసుకుపోతాయి. ట్యాంకు దింపి కడగాలి. ఇంజను ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది పోయాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లోకి కొంచెం ఆయిల్ వదిలి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, ఆ తర్వాత చేత్తో ఇంజనును నిదానంగా తిప్పిచూడాలి. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటే బలవంతంగా తిప్పినప్పుడు విరుగుతాయి. ఎలుకలు కొరికిన వైర్లకు కరెంటు ఇస్తే బండి కాలిపోవచ్చు. బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లోనూ, చక్రాల దగ్గరి సిలిండర్లలోనూ రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి. పెడల్ నొక్కితే ఆగినట్టే అనిపించి, రోడ్డెక్కాక వదిలేస్తాయి. టైర్లకు గాలి పట్టినా లోపల పగిలి ఉంటాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలను అది త్వరగా పాడుచేస్తుంది, కనుక అవన్నీ మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద సమస్య అడుగున బయటపడింది. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. వెనుక కమాన్ కట్టలు బిగించే చోట నేలరేకు తుప్పుతిని, స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగిపోయింది.

మెకానిక్ పైకి లేచి చేతులు తుడుచుకుంటూ వేసిన అంచనా విని అన్నదమ్ములిద్దరూ మౌనంగా ఉండిపోయారు. 2010లోనే అమ్మి ఉంటే నడిచే కారు. పన్నెండు వానాకాలాలు దాన్ని తినేశాయి. ధనాన్ని పాడుచేయడం అల్లాహ్‌కు అయిష్టమైన విషయాలలో ఒకటని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసును బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఉల్లేఖించాయి. ధనాన్ని పాడుచేయడం అనగానే మనకు విందులు, బాణసంచా, పెళ్లి పందిళ్లు గుర్తొస్తాయి. వాడకుండా, అమ్మకుండా, ఎవరికీ ఇవ్వకుండా ఒక వస్తువును ఎండకూ వానకూ వదిలేసినప్పుడు కూడా పోయేది ధనమే. ఇందులో వితంతువైన తల్లి ధనమూ ఉంది. ఆ వారసులలో చిన్నపిల్లలు ఉండి ఉంటే సంగతి ఇంకా తీవ్రం. అనాథల సొమ్ము విషయంలో ఖుర్ఆన్ హెచ్చరిక ఎంత భయంకరమైనదో పాఠకులకు తెలుసు.

అప్పుడు చిన్నవాడు ఒక ఉపాయం చెప్పాడు. అతని స్నేహితుడు టింకరింగ్ షెడ్డు నడుపుతాడు. తుప్పు మీద రేకు ముక్క అతికి, లప్పం పెట్టి, కింద నల్లరంగు కొట్టి, పైన తెల్ల పెయింటు వేస్తే పదిహేను రోజుల్లో బండి పెళ్లికొడుకులా తయారవుతుందట. గేరు బాక్సులో రంపపు పొట్టు కలిపితే శబ్దం వినబడదని కూడా ఆ స్నేహితుడు చెప్పాడట. "కొనేవాడికి కళ్లు లేవా అండీ? చూసుకునే కొంటాడు కదా" అన్నాడు.

ఇదే వాదన మదీనా బజారులో కూడా వినబడి ఉండేదేమో. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ దానిలోకి చేయి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన పడిందని అతను చెప్పాడు. తడిసిన గింజలను అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చిచెప్పారు. ఇది సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం. గమనించండి, ఆ వ్యాపారి అబద్ధమేమీ చెప్పలేదు. అడిగితే నిజమే చెప్పాడు. తడిని అతను తయారుచేయలేదు కూడా, అది ఆకాశం నుంచి పడింది. అయినా పొడి గింజలు పైన ఉంచి తడి గింజలు కింద ఉంచడమే మోసంగా లెక్కకు వచ్చింది. మన కారుకు తుప్పు కూడా వానవల్లే పట్టింది. లప్పం మాత్రం మనం పెడుతున్నాము.

పాలు పితకకుండా నాలుగు రోజులు ఆపి, పొదుగు నిండుగా కనబడేలా చేసి పశువును సంతలో అమ్మడాన్ని కూడా ప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయి కొన్నవాడికి మూడు రోజుల్లోపు తిరిగి ఇచ్చేసే హక్కు ఇచ్చారు. మీటరు వెనక్కి తిప్పడం, పొగ కనబడకుండా చిక్కటి ఆయిల్ పోయడం, కొనేవాడు వచ్చేముందు ఇంజను వేడిచేసి ఉంచడం - ఇవన్నీ ఆ పొదుగు కట్టడం లాంటివే.

ఇక్కడ మా తప్పు ఒకటి దాచుకోకుండా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం మేము ఒక పాత స్కూటరు అమ్మాము. వానాకాలంలో అది ఒక పట్టాన స్టార్ట్ కాదు. కొన్నాయన ఎండాకాలంలో వచ్చాడు, మొదటి కిక్కుకే అందుకుంది. ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. జూలైలో ఆయన ఆ స్కూటరును తోసుకుంటూ మా వీధిలోంచే వెళ్లడం చూశాము. ఆయన సలాం చేశాడు, నిందించలేదు. ఆ సలాంకు జవాబిస్తూ తలెత్తలేకపోయాము. తర్వాత వెళ్లి మెకానిక్ ఖర్చు ఇచ్చి క్షమాపణ అడిగాము. కానీ ఆ వానలో ఆయన ఆఫీసుకు ఆలస్యమైన రోజులకు మేము ఏమి చెల్లించగలం?

ఆ అన్నదమ్ములకు మేము చెప్పిన అసలు మాట హజ్రత్ వాసిలా బిన్ అస్‌ఖా (రజి) సంఘటన. ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒక వ్యక్తి వాసిలా (రజి) ఇంటి ఆవరణలో ఒక ఆడ ఒంటెను కొన్నాడు. దాన్ని తోలుకుని బయలుదేరగానే వాసిలా (రజి) వస్త్రం నేలమీద ఈడ్చుకుపోతున్నా చూసుకోకుండా అతని వెనకాల పరుగున వచ్చారు. దాని సంగతి నీకు వివరించారా అని అడిగారు. ఏముంది, బలంగా, ఆరోగ్యంగా కనబడుతోంది కదా అన్నాడతను. మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసం కొన్నావా అని అడిగారు. హజ్ ప్రయాణానికి అన్నాడు. అయితే దాని కాలి గిట్టకు రంధ్రం ఉందని చెప్పేశారు. అమ్మినవాడికి కోపం వచ్చింది, నా బేరం చెడగొడుతున్నావని అన్నాడు. అప్పుడు వాసిలా (రజి), లోపం వివరించకుండా అమ్మడం అమ్మేవాడికి ధర్మసమ్మతం కాదనీ, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవడం కూడా ధర్మసమ్మతం కాదనీ దైవప్రవక్త (స) నోట విన్నానని చెప్పారు.

మాంసానికా, ప్రయాణానికా? ఈ ఒక్క ప్రశ్నలో ఎంత వివేకం ఉందో చూడండి. కోసి తినేవాడికి గిట్టలో రంధ్రం లోపమే కాదు. ఎడారి దాటవలసినవాడికి అది ప్రాణం మీదికి వచ్చే లోపం. మన కారు కూడా అంతే. తుక్కుకు కొనేవాడికి నేలరేకు తుప్పు అక్కర్లేని విషయం, అతను బరువు చూసుకుంటాడు. విడిభాగాలకు కొనేవాడికి ఇంజను, తలుపులు, గేరు బాక్సు బాగుంటే చాలు. పెళ్లాం పిల్లలను ఎక్కించుకుని విజయవాడ వెళ్లాలనుకునేవాడికి మాత్రం ఆ తుప్పు, ఆ బ్రేకులు చెప్పితీరాలి. అందుకే కొనేవాడిని ముందు అడగాలి, ఎందుకు కొంటున్నావు బాబూ అని. ఇక, తెలిసినవాడు కూడా చెప్పాలన్న భాగం మన మధ్యవర్తులకూ, మెకానిక్ సోదరులకూ వర్తిస్తుంది. వచ్చిన బేరం వెంట వెళ్లి, తలూపి, కమీషన్ తీసుకోవడం వారికి అలవాటైపోయింది.

"ఉన్నదున్నట్టు అమ్ముతున్నాం, తర్వాత మాకు సంబంధం లేదు" అని రాయించుకుంటే సరిపోతుందా అని పెద్దవాడు అడిగాడు. లోపం బయటపడితే వస్తువు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి షరీఅత్ ఇచ్చింది. సర్వ లోపాలతోనూ అమ్ముతున్నానన్న షరతుకు ఒప్పుకుని కొంటే ఆ హక్కు పోతుందని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. అయితే హక్కు పోవడం వేరు, తెలిసిన లోపాన్ని కావాలని దాచిన పాపం పోవడం వేరు. కాగితం పంచాయితీలో కాపాడుతుంది, అంతవరకే.

ఈ విషయంలో కొనేవాడి వైపు కూడా చూడాలి. పాత కార్లను వెతికి కొని, బాగుచేసుకుని మురిసిపోయేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. ధర తెలియని ఒక వృద్ధురాలి పెరట్లోని బండిని తుక్కు రేటుకు తీసుకుపోయి గొప్పగా చెప్పుకునేవారూ ఉన్నారు. ఊరి బయటే ఎదురువెళ్లి, బజారు ధర తెలియని పల్లెవారి సరుకు కొనడాన్ని ప్రవక్త (స) వారించారు. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని మూడు వందలకు బేరమాడి తెచ్చాడు. గుర్రం అంతకన్నా ఎక్కువ విలువైనదని జరీర్ (రజి) గ్రహించి, దాని యజమానితో తానే ధర పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలు ఇచ్చారు. ప్రతి ముస్లిం పట్లా శ్రేయోభిలాషిగా ఉంటానని ప్రవక్త (స)కు మాట ఇచ్చానని అన్నారు. ఈ రివాయతును తబ్రానీ ఉల్లేఖించారు. ఇంత చేయలేకపోయినా, ఆ అమ్మతో "మరో ఇద్దరిని ధర అడిగి చూడండి" అని అనగలం కదా.

బయానా సంగతి ఒకటి. కొనేవాడు మనసు మార్చుకుంటే అడ్వాన్సు మింగేయడం మన దగ్గర మామూలు. అధికసంఖ్యాక ధర్మవేత్తలు దీనిని అంగీకరించలేదు, హంబలీలు అనుమతించారు. తిరిగి ఇచ్చేయడంలో ఏ సందేహమూ లేదు.

కాగితాల మాట కూడా అమానత్‌లో భాగమే. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపై ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. వీరి కారుకు 2011లోనే గడువు తీరింది. యజమాని చనిపోతే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాలి. వీరు ఏదీ చేయలేదు. మృతుని పేరు మీదే బండిని చేతులు మార్చేస్తారు చాలామంది. అది రేపు ఎవరినైనా గుద్దితే? రికార్డుల్లో పేరు మారనంతవరకు రిజిస్టరు యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. తుక్కుకు ఇచ్చినా రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి, లేకపోతే ఆ నంబరు మరో దొంగ బండికి ఎక్కవచ్చు.

అన్నదమ్ములు వెళ్లిపోయారు. ఆరు నెలలు మాకు కబురు లేదు. తర్వాత తెలిసింది, ముందు ముగ్గురు ఆపాలకూ ఫోన్ చేశారట. ఇద్దరు "మీ ఇష్టం భాయ్" అన్నారు. కువైట్‌లో ఉన్న ఆమె మాత్రం, "నా వాటా నాకు కావాలి, పిల్లవాడి ఫీజు ఉంది" అన్నది. చిన్నవాడికి మొదట మనసు కష్టమైందట. పన్నెండేళ్లుగా ఆమె అడగాలనుకుని అడగలేకపోయిందని వాళ్ల అమ్మీ అప్పుడు చెప్పారు. "వదిలేస్తున్నాం" అన్న ఇద్దరికి కూడా వాటా లెక్కగట్టి చేతిలో పెట్టండి, తర్వాత వారిష్టం అని ఆమె కొడుకులను ఆదేశించారు.

కారును బాగుచేయించలేదు. పైపైన కడిగి, పత్రాలు తల్లి పేరిట మార్పించి, రిజిస్ట్రేషన్ గడువు తీరిన సంగతి చెప్పే అమ్మకానికి పెట్టారు. పాత బండ్లు బాగుచేసుకునే ఒకాయన గుంటూరు నుంచి వచ్చి 80,000 రూపాయలు ఇస్తానన్నాడు. పెద్దవాడు ఆయనను కారు కిందికి దూరమని చెప్పి, తానే టార్చి పట్టుకుని నేలరేకు చూపించాడు. ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, 64,000కు దిగాడు. పెద్దవాడు ఒప్పుకున్నాడు. తల్లికి 8,000, ముగ్గురు కూతుళ్లకు 8,000 చొప్పున, ఇద్దరు కొడుకులకు 16,000 చొప్పున వచ్చాయి. పైసా అటూ ఇటూ కాలేదు.

అమ్మకపు కాగితం వెనుక తెలిసిన లోపాలన్నీ రాసి ఇచ్చారు. దైవప్రవక్త (స) కూడా అద్దా బిన్ ఖాలిద్ (రజి)తో జరిగిన ఒక అమ్మకంలో లోపాల ప్రస్తావనతో పత్రం రాయించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. నేలరేకు తుప్పు, బ్రేకు సిలిండర్లు, ఎలుకలు కొరికిన వైర్లు, గేరు బాక్సు శబ్దం, అన్నీ వరుసగా ఉన్నాయి. ఆ జాబితా రాసింది చిన్నవాడేనట. బ్రేకులు కొత్తవి వేయించేదాకా నడపవద్దనీ, లారీ మీదే తీసుకెళ్లమనీ అడుగున ఇంకో వాక్యం చేర్చి, సాక్షిగా సంతకం పెట్టాడు.